మీరు లిఫ్టు ఎక్కనివ్వని మా కుక్క మాణిక్యం గురించి విశాఖ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం నగరంలోని అపార్ట్‌మెంట్ నివాసితుల సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

మోటారు కాలిపోయినా, ట్యాంకరు రాకపోయినా, జనరేటర్‌లో డీజిల్ అయిపోయినా అందరి చీవాట్లూ తినే పని మీది. అదీ జీతం లేకుండా. ఆ కష్టం తెలుసు కాబట్టే, పెంపుడు కుక్కల మీద మా సంఘం పెట్టిన నోటీసు గురించి ముందు మా సంఘానికే, కాగితం మీద, సంతకం పెట్టి రాసిచ్చాను. జవాబు రాలేదు. జనరల్ బాడీలో లేవనెత్తితే "ఎజెండాలో లేదండీ" అన్నారు. ఎజెండాలో పెట్టమంటే నవ్వి ఊరుకున్నారు. ఇంతలో మా నోటీసు బోర్డు మీది కాగితం ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలైంది. "మేం కూడా ఇలాగే పెట్టేద్దాం" అని పక్క వీధి సంఘం వాళ్లు అనుకుంటున్నారట. అందుకని ఈ ఉత్తరం ఇక మా ఒక్క సంఘానికే రాసి లాభం లేదు. మీ అందరికీ రాస్తున్నాను.

మేముండేది గాజువాక వైపు, సొంత ఫ్లాటు, ఐదో అంతస్తు. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. నేను ఇంట్లో లెక్కల ట్యూషన్లు చెబుతాను. అత్తగారు, పదో తరగతి చదివే అబ్బాయి, మాణిక్యం. మాణిక్యం మా కుక్క. ఆ పేరు అత్తగారు పెట్టారు.

నోటీసులో ఉన్నది ఇది: పెంపుడు జంతువులకు లిఫ్టులో ప్రవేశం లేదు. కుక్కలను మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య మాత్రమే కిందికి తీసుకురావలెను. కుక్క ఉన్న ఫ్లాటు మెయింటెనెన్సుతో పాటు నెలకు అదనంగా 500 రూపాయలు చెల్లించవలెను. అద్దెకుండేవారు కుక్కలను పెంచరాదు, ఇప్పటికే ఉన్నచో అగ్రిమెంటు ముగిసేలోగా తొలగించవలెను.

మాణిక్యం మీద మీకందిన ఫిర్యాదుల్లో నిజమైనవి నేనే చెబుతాను. అది ఎవరి మాటా వినదు. రమ్మంటే రాదు. ముందు మన వంక చూస్తుంది, వచ్చే పనేమిటో అంచనా వేసుకుంటుంది, దానికి నచ్చితే వస్తుంది. స్నానమని తెలిసిందంటే మంచం కిందినుంచి ఎవరి తరమూ కాదు. కొన్న గింజలు గిన్నెలో పోస్తే ముక్కుతో గిన్నెను పక్కకి నెట్టేస్తుంది. వీధి మలుపులో చేపలమ్మే ఆమె కేక వినబడితే మాత్రం ఐదో అంతస్తులో లేచి నిలబడి తోక ఊపుతుంది, ఆవిడ దగ్గర నెత్తళ్లు ఉన్న రోజూ లేని రోజూ దానికెలా తెలుస్తుందో మాకు తెలియదు. అత్తగారు పూజ ముగించి గంట కొట్టేదాకా వంటింటి గడప దాటదు. ఈ నియమం మేం నేర్పింది కాదు, తనే పెట్టుకుంది. మేం నేర్పిన నియమం ఒక్కటీ పాటించదు. నడకకి తీసుకెళ్తే ఏ దారిన వెళ్లాలో తనే నిర్ణయిస్తుంది. కాదని లాగితే గేటు ముందు కూర్చుండిపోతుంది, పద్దెనిమిది కిలోల ధర్నా. గాజువాకలో పెరిగింది, ధర్నా దానికి ఒకరు చెప్పాలా!

కొరియర్ అబ్బాయిల మీద మొరుగుతుంది. అదీ నిజమే. ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు, ఎవరి మీదకీ దూకలేదు. ఇదీ నిజమే, కానీ ఇది ఎవరూ ఫిర్యాదు పుస్తకంలో రాయరు కదా.

మాణిక్యం నాటు కుక్క. మన వీధుల్లో వేల ఏళ్లుగా తన తిండి తానే వెతుక్కుని, ఎవరి దగ్గరికి వెళ్లొచ్చో ఎవరికి దూరంగా జరగాలో తానే తేల్చుకుని బతికిన రకం. అలాంటిదాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాక లొంగదీద్దామంటే కుదరదు. దానితో ఒప్పందానికి రావాలి. మా ఒప్పందంలో దాని వైపు షరతు ఒక్కటే. పొద్దున ఎండెక్కక ముందు ఒకసారి, రాత్రి ఒకసారి తీరిగ్గా వాసనలు చూసుకుంటూ తిరిగి రావాలి. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు అరవై లక్షల దాకా ఉంటే, కుక్క ముక్కులో ఇరవై కోట్ల పైమాటే. మనం పేపరు చదివినట్టు అది కరెంటు స్తంభాన్ని చదువుతుంది. ఆ నడక దొరికిన రోజు మాణిక్యం ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు, బాల్కనీలో పడి నిద్రపోతుంది. దొరకని రోజు ఉన్నట్టు బిల్డింగంతా తెలుస్తుంది.

మీ నోటీసులన్నీ సరిగ్గా ఈ నడక మీదే పడ్డాయి. కుక్క మొరుగుతోందని నోటీసు పెట్టారు. నోటీసు పెట్టాక కుక్క ఇంకా మొరుగుతోంది. దీని వల్ల మామూలు మనుషుల మీద ఏం పడుతోందో వరసగా చెబుతాను.

1. మెట్లు. లిఫ్టు లేదన్నాక ఐదంతస్తులు మెట్లమీదే. మా అబ్బాయికి అది ఆట. నా మోకాళ్లకి కాదు. మా బిల్డింగులోనే నాలుగో అంతస్తులో ఒక పిన్నిగారున్నారు, పిల్లలు అమెరికాలో, ఆవిడకి తోడు ఒక ముసలి పామరేనియన్. ఆవిడ ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో కుక్కని పట్టుకుని దిగుతున్నారు. ఆవిడ జారిపడితే ఎవరు జవాబుదారీ? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. లిఫ్టులు ఆగిపోయి నీళ్ల బిందెలు పైకి మోసుకున్న సంగతి మీరెవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు అందరం కలిసి పడ్డ పాటు ఇప్పుడు కొన్ని ఇళ్లవాళ్లు మాత్రమే రోజూ పడాలి.

ఇంకో మాట. కుక్కంటే భయపడేవాళ్ల కోసమే ఈ నియమం అన్నారు. లిఫ్టులో అయితే మాణిక్యం నిమిషంలో కిందికి చేరుతుంది, ఎవరైనా వద్దంటే మేం తర్వాతి లిఫ్టుకి ఆగుతాం. మెట్ల మీద అయితే ప్రతి అంతస్తులో, ప్రతి గుమ్మం ముందునుంచి, ముగ్గు మీదుగా, చెప్పుల స్టాండు వాసన చూసుకుంటూ వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎండో ఉక్కపోతో ఎక్కువుంటే రెండో అంతస్తు దగ్గర కూర్చుంటుంది. ఇక కదలదు. దారికి అడ్డంగా కుక్క పడుకుందని మళ్లీ మా మీదే ఫిర్యాదు. భయపడేవాళ్లకి కుక్క ఎదురుపడకుండా చేద్దామని పెట్టిన నియమం, కుక్కని అందరి గుమ్మాల్లోకీ తెచ్చి నిలబెట్టింది.

2. మధ్యాహ్నం 12 నుంచి 3. ఈ నియమం రాసినవాళ్లు మే నెలలో ఆ వేళ చెప్పుల్లేకుండా గేటు దాటి తారు రోడ్డు మీద నాలుగడుగులు వేసి చూడాలని నా మనవి. పిల్లలు బళ్లో ఉంటారు, పెద్దలు నిద్రపోతుంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదని మీ ఆలోచన. మంచిదే. కానీ కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చి, ఆ తడి ఆరితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. విశాఖ గాలిలో ఉండే తేమకి ఆ తడి తొందరగా ఆరదు. రాజస్థాన్ ఎండకన్నా మన ఉక్కపోత కుక్కకి ఒక్కోసారి ప్రమాదం, ఎండ తక్కువలా కనిపించినా సరే. కింద తారు, పైన సూర్యుడు, మధ్యలో బొచ్చు కప్పుకున్న ప్రాణి. పాదాల కింది మెత్తని చర్మం కాలి పొక్కులొస్తాయి. వడదెబ్బ తగిలితే గంటల్లో చచ్చిపోతుంది. పశువైద్యులు చెప్పే పరీక్ష తేలిక. అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కని నడిపించకూడదు.

కుక్క సంగతి ఎవడికి కావాలంటారా, మనుషుల సంగతి చూడండి. ఇది షిఫ్టుల ఊరు. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, పోర్టు, ఆసుపత్రులు. పొద్దున ఆరింటి షిఫ్టుకి వెళ్లినవాడు రెండింటికి గాని దిగడు, రాత్రి పదింటి షిఫ్టు చేసినవాడు మధ్యాహ్నం నిద్రపోతుంటాడు. మీరిచ్చిన ఆ మూడు గంటలూ ఎవరికి ఖాళీ? రాత్రి షిఫ్టు చేసొచ్చిన మా ఆయన కళ్లు మండుతూ మిట్టమధ్యాహ్నం గొలుసు పట్టుకుని నిలబడితే, మాణిక్యం గేటు నీడ దాటి అడుగు వేయనని మొండికేసింది. వాళ్లిద్దరిలో తెలివైనది ఎవరో నేను చెప్పను.

3. అద్దె ఇళ్లవాళ్లు. ఇది అన్నిటికన్నా పెద్ద అన్యాయం, ఎందుకంటే వాళ్లకి జనరల్ బాడీలో నోరు లేదు. తూర్పు నౌకాదళం వల్ల, పోర్టు వల్ల, కంపెనీల వల్ల బదిలీ మీద వచ్చిపోయే కుటుంబాలు మన ఊళ్లో చాలా ఎక్కువ. కుక్కతో వచ్చినవాళ్లు మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతారు. దొరికాక, పదకొండు నెలల అగ్రిమెంటు మధ్యలో ఇలాంటి నోటీసు. అప్పుడు ఏం చేస్తారు? కొందరు ఇల్లు మారతారు. కొందరు రాత్రిపూట కుక్కని బండెక్కించి దూరంగా బైపాస్ దగ్గరో, బీచ్ దగ్గరో దింపేసి వస్తారు. ఇంట్లో మంచం మీద పడుకున్న లాబ్రడార్‌కి వీధిలో బతకడం రాదు. అక్కడి కుక్కలు రానివ్వవు. ఆకలితో, బెదురుతో ఉన్న ఆ కుక్కకి టీకా ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు. దాని కాగితాలు పాత ఇంటి బీరువాలో ఉండిపోతాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కయితే మరుసటి ఏడాదికి ఆ వీధిలో పిల్లల గుంపు. వీధికుక్కలు పెరిగిపోయాయని మళ్లీ మనమే నగరపాలక సంస్థకి అర్జీలు పెడతాం.

కుక్కని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభైకి మించకుండా. దశాబ్దాలు గడిచినా ఆ అంకె మారలేదు. వదిలేసేవాడికి యాభై రూపాయలు, ప్రేమగా ఉంచుకునేవాడికి నెలకి ఐదొందలు. లెక్కల టీచర్ని కాబట్టి ఈ లెక్క నాకు మరీ గుచ్చుకుంటోంది.

4. వాచ్‌మన్. మా వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు ఊరు. నేను లిఫ్టు దగ్గరికి వస్తే తల దించుకుంటాడు. "అమ్మా, నానేటి సెయ్యనండి, ఎక్కనిస్తే కమిటీవోలు తిడతారు, ఎక్కనీకపోతే మీకు కోపం" అన్నాడు. రాత్రి పన్నెండింటికి గేటు చప్పుడైతే పైనుంచి ముందు పలికేది మాణిక్యమేనని అతనికి తెలుసు. మీ నియమాలకి ముఖం అతనిది, మాటలు పడేది అతను. ఎక్కువ మాట్లాడితే ఉద్యోగం పోయేది కూడా అతనికే.

5. ఐదొందలు. ఎందుకో చెప్పండి, ఇస్తాం. మాణిక్యం బోరు నీళ్లు వాడదు, జిమ్ముకి వెళ్లదు, సెల్లార్‌లో బండి పెట్టదు. మీరు ఎక్కనివ్వని లిఫ్టు కరెంటుకా?

6. పిల్లలు. పెద్దవాళ్లు నోటీసు పెట్టి శత్రువని తేల్చేశాక పిల్లలు ఊరుకుంటారా. సెల్లార్‌లో ఈల వేసి రెచ్చగొట్టడం, కర్ర ఊపడం మొదలైంది. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు అదే బిల్డింగువాళ్లు, వాళ్లు మాణిక్యాన్ని దాటి లోపలికి వచ్చి కూర్చుంటారు. వాళ్లకి నేను చెప్పింది మూడు ముక్కలే. కుక్క ఎదురైతే పరుగెత్తొద్దు, కళ్లల్లోకి చూడొద్దు, తింటున్నప్పుడు దగ్గరికెళ్లొద్దు. ఇవి తెలిసిన పిల్లవాడు వీధికుక్క ఎదురైనా బతికి బయటపడతాడు. తెలియని పిల్లవాడికి లిఫ్టు నోటీసు ఏ విధంగానూ రక్ష కాదు.

ఇక చట్టం సంగతి. "మెజారిటీ తీర్మానం చేసింది, ఇంక మీరు ఒప్పుకోవాల్సిందే" అని మా కార్యవర్గంలో ఒక పెద్దాయన అన్నారు. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న సరిగ్గా మీలాంటి సంఘాల కోసమే మార్గదర్శకాలు పంపింది. అందరూ కలిసి తీర్మానించినా సరే పెంపుడు కుక్కల మీద నిషేధం పెట్టే అధికారం సంఘాలకి లేదని, లిఫ్టు వాడనివ్వకపోవడం, దానికి వేరే రుసుము వేయడం కుదరదని, మొరుగుతోందన్నది నిషేధానికి కారణం కాదని అందులో ఉంది. అదే కాగితంలో యజమానులకీ బుద్ధులు చెప్పారు. గొలుసు లేకుండా బయటికి తేవద్దు, రాత్రిళ్లు గోల కాకుండా చూసుకోండి, టీకాలు వేయించండి, మలం మీరే తీయండి అని. మార్గదర్శకాలే కదా, చట్టం కాదు కదా అంటారేమో. మరి చట్టం ఏమంటోంది? 1960 చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసి గాని ఇరుకులో బంధించి గాని ఉంచే కుక్కని తగినంతగా తిప్పకపోవడమూ హింసే. అంటే మీ వేళలు పాటిస్తే నేను చట్టం తప్పినదాన్నవుతాను. చట్టం పాటిస్తే మీ నోటీసు తప్పినదాన్నవుతాను. 2021లో కేరళ హైకోర్టు, పెంపుడు జంతువుల్ని నిషేధించే సంఘాల బైలాలు చెల్లవని తీర్పిచ్చింది. అది మన రాష్ట్రపు కోర్టు కాదు, ఒప్పుకుంటాను. ఇదే గొడవ మన హైకోర్టు గుమ్మం ఎక్కేదాకా రానివ్వడం అవసరమా అన్నదే నా ప్రశ్న.

లిఫ్టు, మెట్లు, సెల్లార్, మేడ ఇవన్నీ ఉమ్మడివి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం వాటిలో ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయరాని వాటా ఉంది. వాటిని కాపలా కాసే బాధ్యత సంఘానిది. నిర్వహణ పేరు మీద ఒక వాటాదారుణ్ణి ఆపేసే హక్కు మాత్రం ఏ తీర్మానంతోనూ పుట్టదు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల కేసు టీవీల్లో మారుమోగాక ఈ నోటీసులు ఎక్కువయ్యాయి. అది ఢిల్లీ వీధికుక్కలతో మొదలైన కేసు. ఆ నెల 22న ఇచ్చిన సవరణ ఉత్తర్వులో కూడా, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగిలిన కుక్కల్ని ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలమన్నారు. ఐదో అంతస్తులో మెడకి పట్టీతో, ఏటా టీకాతో ఉండే కుక్కకీ ఆ ఉత్తర్వుకీ సంబంధం లేదు. గ్రూపులో ఫార్వర్డ్ చేసేముందు చదివితే బాగుండేది.

భయపడేవాళ్లని నేను తేలిక చేయడం లేదు. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లుంటారు, రేబిస్‌తో పోయినవాళ్లని చూసినవాళ్లుంటారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు మందు లేదు, కాబట్టి ఆ భయానికి అర్థముంది. అలాగే కవరు చేతిలో లేకుండా కుక్కని పార్కు చేసిన కార్ల టైర్ల దగ్గరికి తీసుకొచ్చే యజమానులూ ఉన్నారు, గొలుసు వేలికి చుట్టుకుని ఫోను చూసుకునేవాళ్లూ ఉన్నారు. నాకూ వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, వాళ్ల వల్లే మిగతావాళ్లకి నోటీసులు. వాళ్ల కోసం చట్టం ఉంది. తన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా చూసుకోనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. తప్పు చేసినవాడి పేరు పెట్టి ఫిర్యాదు చేయండి, సాక్షి సంతకం కావాలంటే నేను పెడతాను.

మేం అడుగుతున్నవి ఇవి:

1. లిఫ్టు నిషేధం, అదనపు రుసుము ఉన్న నోటీసులు వెంటనే తీసేయాలి. ఇప్పటికే వసూలు చేసిన సొమ్ము మెయింటెనెన్సులో సర్దుబాటు చేయాలి.

2. లిఫ్టుకి ఒకే నియమం చాలు. కుక్కకి గొలుసు పొట్టిగా పట్టుకోవాలి, లోపల ఉన్నవాళ్లు వద్దంటే యజమాని తర్వాతి లిఫ్టుకి ఆగాలి.

3. ప్రాంగణంలో నడిపించే వేళలు పెట్టాలనుకుంటే పొద్దున ఏడింటి లోపు, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. షిఫ్టుల ఉద్యోగులకి సడలింపు ఇవ్వండి. గేటు బయట రోడ్డు మీద వేళలు పెట్టే అధికారం సంఘానికి లేదు.

4. ప్రతి కుక్కకీ రేబిస్ టీకా కార్డు నకలు ఏటా సంఘం ఆఫీసులో ఇవ్వాలని నియమం పెట్టండి. ఇది మేమే అడుగుతున్నాం. కుక్కపిల్లకి మూడు నెలలప్పుడు మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, అక్కణ్ణుంచి ఏటా. జూలై 6న జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం సందర్భంగా పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు సంఘమే పూనుకుని బిల్డింగులో కుక్కలన్నిటినీ పంపిస్తే సరిపోతుంది. కాటు పడితే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న సంగతి కూడా నోటీసు బోర్డు మీద పెట్టండి. ఇప్పుడున్న కాగితం కన్నా అది ఉపయోగపడుతుంది.

5. మలం ఎత్తని యజమానికి ముందు మాటతో చెప్పండి, ఆ తర్వాత రాతతో. సెల్లార్ మూల ఒక మూత ఉన్న డబ్బా పెట్టించండి, ఖర్చు కుక్కలున్న ఇళ్లవాళ్లం పంచుకుంటాం.

6. అద్దెకుండేవారి మీద ఉన్న షరతు పూర్తిగా తీసేయాలి. యజమానికి లేని నిషేధం అద్దెదారుకి ఉండకూడదు.

7. కుక్క మీద ఫిర్యాదు వస్తే తేదీ, సమయం, ఏం జరిగిందో రాసి ఆ ఇంటివాళ్లకి చూపించాలి. "అందరూ అంటున్నారు" అన్నది ఫిర్యాదు కింద లెక్కపెట్టకూడదు.

8. దీపావళికి బాణసంచా రాత్రి 8 నుంచి 10 దాకానే అన్న 2018 నాటి సుప్రీంకోర్టు మాటని సెల్లార్‌లోనూ పాటించండి. కుక్క చెవి మనకన్నా దాదాపు రెట్టింపు పైస్థాయి శబ్దాలు వింటుంది. ఆ రాత్రి మాణిక్యం బాత్రూంలో బకెట్ వెనక దూరుతుంది. ఎవరి మాటా లెక్కచేయనిది లక్ష్మీబాంబుకి మాత్రం వణుకుతుంది. మా బిల్డింగులో చంటిపిల్లల తల్లులు, గుండె జబ్బు ఉన్న పెద్దలు కూడా ఇదే అడుగుతున్నారు, వాళ్ల పేర్లు నేను రాయడం లేదు.

మహా విశాఖ నగరపాలక సంస్థ అధికారులకి కూడా ఒక మాట. పార్కులన్నిటి గేటు మీదా "కుక్కలకు ప్రవేశం లేదు" అని రాయించడం తేలిక. గాజువాక, మధురవాడ, సీతమ్మధార లాంటి చోట్ల కనీసం ఒక్కో పార్కులో కంచె వేసిన చిన్న జాగా కుక్కల కోసం వదిలితే ఈ సంఘాల గొడవలు సగం తగ్గుతాయి. రుషికొండ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉంది, అక్కడ కుక్కల మీద ఆంక్షలు తప్పవని అర్థం చేసుకోగలం. తీరం పొడవునా అదే పద్ధతి పెట్టనక్కర్లేదు. సెలవు దొరికిన ఆదివారాలు మేం మాణిక్యాన్ని అప్పికొండ తీసుకెళ్తాం. తెల్లారేసరికి అక్కడ మనుషులు తక్కువ, పీతలు ఎక్కువ. అది పీతలతో పెట్టుకునే తగువుల వల్ల ఇప్పటిదాకా శాంతిభద్రతల సమస్య ఏదీ తలెత్తలేదు.

మా సంఘం వచ్చే జనరల్ బాడీ ఎజెండాలో ఈ విషయం చేర్చి, సమావేశానికి ముందే నాకు లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. మిగతా సంఘాలు మా నోటీసుని నమూనాగా తీసుకునేముందు 2015 మార్గదర్శకాల ప్రతి ఒకటి తెప్పించుకుని సమావేశంలో చదివి వినిపించాలి. ఇది జరగకపోతే ఈ లేఖనే జంతు సంక్షేమ మండలికి, జిల్లా జంతు హింస నివారణ సంఘానికి, నగరపాలక సంస్థ కమిషనర్‌కి అర్జీగా పంపుతాం. మా బిల్డింగులో కుక్కలు లేని ఇళ్లవాళ్లు కూడా కొందరు సంతకాలు పెట్టారు. అర్జీతో పాటు అవీ వెళ్తాయి.

ఇట్లు,
గాజువాక ప్రాంతపు ఒక అపార్ట్‌మెంట్‌లో
ఐదో అంతస్తు ఫ్లాటు యజమానురాలు